రాయవేలూరులో ఇరవై ఆరు రోజులు

రైలు కాట్పాడిలో ఆగేసరికి తెల్లవారుజామున నాలుగున్నర అయింది. మా పెట్టెలోంచి దిగినవాళ్లలో సగంమంది చేతుల్లో పెద్ద పెద్ద కాగితపు సంచులున్నాయి. ఆ సంచుల్లో ఏముంటాయో వాటిని మోసినవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. ఎక్స్‌రేలు, రక్తపరీక్షల కాగితాలు, ఎవరో డాక్టరుగారు గొలుసుకట్టు రాతతో రాసిచ్చిన ఉత్తరాలు. నా చేతిలోనూ ఒకటి వుంది. ప్లాట్‌ఫారం మీద ఒకళ్ల సంచి ఒకళ్లం చూసుకుంటూ, మొహాలు మాత్రం చూసుకోకుండా నడిచాం.

ఇది 2014 ఫిబ్రవరి నాటి మాట. అప్పటికి నాకు అరవై నాలుగేళ్లు. ముప్పై నాలుగేళ్లు నెల్లూరు చుట్టుపక్కల బళ్లలో లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ని. మా ఆవిడా, అల్లుడూ వెంట వచ్చారు. ఆటో అతను "ఎక్కడికి?" అని కూడా అడగలేదు. సంచీ చూశాడు, సామాను సర్దాడు, ఆస్పత్రివైపు తిప్పాడు.

కాట్పాడికీ వేలూరుకీ మధ్య పాలారు. పేరు పాల ఏరు. వంతెన మీంచి చూస్తే ఆ చీకట్లో పాలూ కనిపించలేదు, నీళ్లూ కనిపించలేదు. ఇసక మాత్రం కనుచూపుమేర తెల్లగా మెరుస్తోంది. ఆ వూరిని గురించి పాత సామెత ఒకటి వుందట: నీళ్లు లేని ఏరు, రాజు లేని కోట, దేవుడు లేని గుడి. ఆటో అతను అరవంలో చెప్పాడు, మా అల్లుడు తెలుగులో విప్పాడు. "మరి ఇంతమంది ఎందుకొస్తున్నారు?" అన్నాను. అల్లుడు నవ్వి వూరుకున్నాడు. జవాబు నా ఒళ్లోని సంచీలోనే వుంది.

మా చిన్నతనంలో పెద్దవాళ్లు ఈ వూరిని వేలూరు అనేవారు కాదు, రాయవేలూరు అనేవారు. ఆ పేరు తగినదే. 1565 నాటి యుద్ధంతో విజయనగరం చితికిపోయాక, రాయల సింహాసనం పెనుకొండకీ, చంద్రగిరికీ మారి, చివరికి ఈ వేలూరు కోటలో తలదాచుకుంది. తెలుగువాళ్లకి ఇది పరాయి వూరేం కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, వేలూరు ఒకే ఉత్తరార్కాటు జిల్లాలో వుండేవి. అంచేత కాబోలు, బజారులో అరవం మాట్లాడేవాడు కూడా మన మొహం చూసి సగంలో తెలుగులోకి దిగుతాడు.

ఇంతకీ నేను ఎందుకు వెళ్లానో చెప్పాలి గదా. ఆర్నెల్లుగా పొద్దున్న నడకకి వెళితే, మూడో వీధి మలుపు దగ్గర గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుండేది. నిలబడితే తగ్గేది. నేను దానికి గ్యాసని పేరు పెట్టాను. జీలకర్ర నమిలాను, అల్లం రసం తాగాను, గోలీసోడా తాగాను. మా ఆవిడ డాక్టరు దగ్గరికి వెళదామంటే "నా ఒంటి సంగతి నాకు తెలీదటే?" అని కసిరాను. లెక్కల మాస్టరుకి ఇంట్లో ఎదురు చెప్పేవాళ్లుండరు. చివరికి సంక్రాంతినాడు పూజ గదిలోంచి లేస్తూ చెమటలు పట్టి కూలబడ్డాను. గుండెకి రక్తం తీసుకుపోయే నాళాల్లో మూడు పూడుకుపోయాయని తేలింది. నడిస్తే వచ్చి నిలబడితే తగ్గే నొప్పి గ్యాసు కాదని ఆ వేళ తెలుసుకున్నాను. ఇది చదివేవారిలో జీలకర్ర నమిలేవాళ్లెవరైనా వుంటే, దయచేసి ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఆస్పత్రి ఎదుటి గాంధీ రోడ్డూ, దాని పక్క సందులూ చూడవలసిన ప్రదేశాలు. ఆ చివరనుంచి ఈ చివరదాకా లాడ్జీలు, మందుల కొట్లు, పళ్లరసాల బళ్లు. బోర్డుల మీద అరవంతో పాటు బెంగాలీ, హిందీ, తెలుగు కూడా. కలకత్తానుంచీ, అస్సామునుంచీ, సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌నుంచీ మనుషులు రోజుల తరబడి రైళ్లలో కూర్చుని ఇక్కడికి వస్తారు. గది అద్దెకి తీసుకుంటే స్టవ్వూ, నాలుగు గిన్నెలూ కూడా అద్దెకి దొరుకుతాయి. మా పక్క గదిలో బెంగాలీ దంపతులు. వాళ్లకి తెలుగు రాదు, మాకు బెంగాలీ రాదు. మా ఆవిడకి ఆవిడ అల్లం ముక్క ఇచ్చింది. మా ఆవిడ ఆవిడకి చింతపండు ఇచ్చింది. రెండో రోజునించి ఇద్దరూ వరండాలో పక్కపక్కన కూర్చుని ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకుంటూ కన్నీళ్లు తుడుచుకునేవారు. ఎలా అర్థమయ్యేదో నాకు ఇప్పటికీ తెలీదు.

పరీక్షలకీ, ఆపరేషను తేదీకీ మధ్య ఎనిమిది రోజులు గడిచాయి. ఆ ఎనిమిది రోజుల్లో నేను చేసిన పని ఒకటే. ఒక రూళ్ల నోటుపుస్తకం కొని, ఆస్పత్రిలో నా పని మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ ఒక గీత గీయడం మొదలెట్టాను. భయంగా వున్నప్పుడు ఏదో ఒకటి లెక్కపెట్టడం నా పాత అలవాటు. చీటీ రాసిన గుమాస్తాకి ఒక గీత. వరసలో నిలబెట్టిన జవానుకి ఒక గీత. ఆపరేషను ముందురోజుకే గీతలు పంతొమ్మిది దాటాయి.

ఆ ఆస్పత్రి పుట్టిన కథ చాలామందికి తెలిసే వుంటుంది. అయినా చెప్పుకోదగ్గది. రాణిపేటలో 1870లో పుట్టిన అయిడా స్కడర్ అనే అమెరికన్ అమ్మాయి, తల్లికి జబ్బుగా వుందని దిండివనం వచ్చింది. వాళ్ల నాన్న డాక్టరు. నాలుగు రోజులుండి అమెరికా వెళ్లిపోవాలని ఆమె ఉద్దేశం. ఒక రాత్రి ఒకరి తరవాత ఒకరు ముగ్గురు మగవాళ్లు వచ్చి తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ పురిటి నొప్పులు పడుతున్నారు. మా నాన్నగారిని పంపుతానంటే ముగ్గురూ వద్దన్నారు. పరాయి మగవాడు లోపలికి రావడానికి వీల్లేదన్నారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ పోయారు. ఆ అమ్మాయి అమెరికా వెళ్లింది నిజమే. కాని 1899లో డాక్టరయి తిరిగి వచ్చింది. 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలెట్టింది. 1909లో నర్సులకి శిక్షణ, 1918లో ఆడపిల్లలకి వైద్య పాఠశాల ప్రారంభించింది. మగపిల్లల్ని 1947లో గాని చేర్చుకోలేదు. ఆమె 1960లో కొడైకెనాలులో కన్నుమూసేనాటికి ఆ ఒక్క మంచం దేశం మెచ్చిన ఆస్పత్రి అయింది.

నాకు ఆ కథలో బాగా తట్టింది ఒకటి. డాక్టర్లని తయారుచెయ్యడానికి తొమ్మిదేళ్లు ముందే ఆవిడ నర్సుల్ని తయారుచెయ్యడం మొదలెట్టింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. తరవాత పది రోజుల్లో బాగా అర్థమయింది.

ఆపరేషను ముందురోజు సాయంత్రం మొదట వచ్చినవాడు క్షురకుడు. గెడ్డం గీస్తాడు కాబోలనుకున్నాను. మెడనుంచి కాలి మడమలదాకా గీశాడు. నేను సిగ్గుతో గోడవైపు తిరిగాను. అతను పని చేసుకుంటూనే "కాలు కూడా ఎందుకు సారూ అనుకుంటా వుండారు గదా? కాల్లో నరం తీసి గుండెకేస్తారు. బాగుండాది మీ కాలు. నడిచిన కాలు" అన్నాడు. ముప్పై నాలుగేళ్లు బడికి నడిచిన కాలికి మొదటి ప్రశంస అదే. ఇరవయ్యో గీత అతనిది.

ఆ తరవాత పాతికేళ్లకి మించని ఒక కుర్రాడు వచ్చి, నా ఎత్తూ బరువూ రాసుకున్నాడు. ఆపరేషను సమయంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే మిషను నడిపేది అతనే. ఆ వుద్యోగాన్ని పెర్‌ఫ్యూజనిస్టు అంటారట. నేను లెక్కల మాస్టర్నని తెలిసి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గుండెని చల్లబరిచి, పొటాషియం కలిపిన ద్రవం పంపి ఆపేస్తారు. ఆగిన గుండె మీద డాక్టర్లు కుట్లు వేస్తారు. అంతసేపూ ఒంట్లోని రక్తం గొట్టాల్లోంచి మిషనులోకి వచ్చి, ప్రాణవాయువు పట్టుకుని, మళ్లీ ఒంట్లోకి పోతుంది. అటువంటి మిషనుతో మొట్టమొదట మనిషి గుండెకి ఆపరేషను విజయవంతంగా చేసింది 1953 మే నెలలో, ఫిలడెల్ఫియాలో, డాక్టర్ గిబ్బన్. రోగి 18 ఏళ్ల అమ్మాయి. కాలి నరంతో పక్కదారి వేసే పద్ధతిని 1967లో క్లీవ్‌లాండులో ఫవలోరో అనే అర్జెంటీనా డాక్టరు స్థిరపరిచారు. వేలూరులో 1949లోనే రీవ్ బెట్స్ అనే సర్జను ఛాతీ శస్త్రచికిత్సల శాఖ పెట్టారు. 1960ల మొదట్లోనే ఇక్కడ గుండె తెరిచి ఆపరేషన్లు చెయ్యడం మొదలయింది.

అతను వెళ్లాక నోటుపుస్తకం తీసి లెక్క వేశాను. నిమిషానికి 72 చొప్పున రోజుకి 1,03,680 సార్లు. అరవై నాలుగేళ్లకి ఇంచుమించు 242 కోట్లు. నేను ఒక్కసారైనా అడగకుండా, మెచ్చుకోకుండా ఇన్ని కోట్లసార్లు కొట్టుకున్న గుండె రేపు గంటన్నర సేపు ఆగుతుంది. మళ్లీ మొదలెడుతుందా? ఆ రాత్రి మా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లలో పదిమంది మధ్య అలా కూర్చోవడం అదే మొదలు. "జీలకర్రతో పోయేదాన్ని ఇంతదాకా తెచ్చారు" అంది. నవ్వబోయి ఏడ్చింది.

పొద్దున్న నన్ను బండిమీద తోసుకువెళ్లిన మనిషి గుమ్మం దాటే ప్రతిసారీ "గుమ్మం, సార్" అని ముందే చెప్పేవాడు, కుదుపుకి నేను వులిక్కిపడకుండా. నడవాలో నాలుగు గుమ్మాలు. నాలుగుసార్లూ చెప్పాడు. ఆపరేషను గదిలో ముసుగులు వేసుకున్న నాలుగైదు జతల కళ్లు. ఒక గొంతు నా పేరు అడిగింది. చెప్పాను. ఆ తరవాత లేదు.

తెలివి వచ్చేసరికి నోట్లో గొట్టం, ఛాతీలోంచి రెండు గొట్టాలు, మెడలో ఒకటి, చేతికి ఒకటి. ఎక్కడో గడియారంలాంటిది కిచ్ కిచ్‌మంటోంది. అది నా గుండేనని కాసేపటికి తెలిసింది. ఒక చల్లటి చెయ్యి నుదుటి మీద పడింది. "సార్, అయిపోయింది. బాగా అయింది" అంది ఒక ఆడగొంతు. తెలుగు సరిగా రాని గొంతు. ఆ రెండు మాటలకంటే మంచి తెలుగు నేను వినలేదు.

ఇక చెప్పుకోడానికి సిగ్గుపడవలసిన సంగతికి వచ్చాను. చెప్పకుండా దాటేద్దామని ఈ వ్యాసం రెండుసార్లు రాసి చింపేశాను. కాని అది లేకపోతే ఈ రాతకి అర్థం లేదు.

రెండో రాత్రి నోట్లో గొట్టం తీసేశారు, ముక్కుకి ప్రాణవాయువు పెట్టారు. ఆ గదిలో పగలూ రాత్రీ ఒకే వెలుతురు. నిద్ర పట్టదు, మెలకువ రాదు. అర్ధరాత్రి దాటాక నాకు అది ఆస్పత్రి కాదనిపించింది. మా బడి. పరీక్ష జరుగుతోంది. తెల్ల దుస్తుల్లో వున్న ఒక అమ్మాయి బల్లల మధ్య తిరుగుతూ కాపీ కొడుతోంది. నేను లేవబోయాను. ఆ అమ్మాయి వచ్చి భుజాలు పట్టుకుంది. నేను కసిరాను, తిట్టాను. ముప్పై నాలుగేళ్లలో ఏ ఆడపిల్లనీ అనని మాట అన్నాను. గొట్టాలు పీకబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంటే ఆ చేతిని గోళ్లతో రక్కాను. ఇంకెవరో పరుగెత్తుకొచ్చారు. నా చేతులకి మెత్తటి గుడ్డ చుట్టి మంచానికి కట్టారు. ఆమె మాత్రం కదల్లేదు. కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుంది. ఎప్పటికో నిద్ర పట్టింది.

తెల్లారి మెలకువ వచ్చేసరికి మనసు తేటగా వుంది. కట్లు విప్పేసి వున్నాయి. డ్యూటీ దిగబోతూ ఆమె నా కాగితాల్లో ఏదో రాస్తోంది. మణికట్టు మీద మూడు ఎర్రటి గీరలు. కల కాదన్నమాట.

"అమ్మా, రాత్రి నేను..." అన్నాను. గొంతు రాలేదు.

ఆమె కలం మూసింది. "మీరు కాదు సార్. మందు. అందరికీ కొంచెం కొంచెం వుంటుంది. రెండు రోజుల్లో పోతుంది."

"నేను నిన్నేమన్నానమ్మా?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "పదమూడో ఎక్కం అప్పజెప్పమన్నారు సార్. నాకు రాలేదు. ఈ రాత్రికి నేర్చుకుని వస్తాను" అంది. మెల్లిగా నవ్వి వెళ్లిపోయింది.

నేను ఎక్కం అడిగివుంటానేమో, నాకు తెలీదు. అన్న మాట మాత్రం నాకు గుర్తుంది. తెలుగు సరిగా రాకపోయినా అది తిట్టని ఆమెకి తెలిసే వుంటుంది. తిట్టుని పక్కన పెట్టి ఎక్కాన్ని నాకు తిరిగి ఇచ్చింది. ఆ కళ నాకు బళ్లో ఎవరూ నేర్పలేదు. నేను కూడా ఏ పిల్లవాడికీ నేర్పలేదు. మర్నాడు రాత్రి ఆమె మరో మంచం దగ్గర పడింది. ఆ మర్నాడు నన్ను వార్డుకి మార్చారు.

వార్డులో నా పాలికి వచ్చిన యమదూత ఒక చిన్నపిల్ల, ఫిజియోథెరపీ అమ్మాయి. ఆపరేషనులో రొమ్ము ఎముకని నిలువునా కోసి, పని అయ్యాక ఉక్కు తీగలతో బిగిస్తారు. ఎముక అతుక్కోడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా బరువులు ఎత్తకూడదు, చేతులమీద ఆనుకుని లేవకూడదు. కాని దగ్గి తీరాలి; దగ్గకపోతే ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది. దగ్గితే ప్రాణాలు పైకొస్తాయి. దానికి ఉపాయం ఒక దిండు. దిండుని రెండు చేతులతో గుండెకి గట్టిగా హత్తుకుని దగ్గాలి. ఆ పిల్ల పొద్దున్నా సాయంత్రం వచ్చి దిండు నా చేతికిచ్చి ఎదురుగా నిలబడేది. మూడు బంతుల ప్లాస్టిక్ పెట్టె ఒకటి ఇచ్చి, ఊపిరి పీల్చి బంతులు లేపమనేది. మొదటిరోజు ఒక్క బంతి సగం లేచింది. మూడోరోజు రెండు. ఆరోరోజు మూడూ లేస్తే చప్పట్లు కొట్టింది. అరవై నాలుగేళ్లవాణ్ని, ఫస్టుక్లాసులో పాసయినట్టు చుట్టూ చూశాను.

అక్కడ పగలు డ్యూటీలో ఒక మలయాళీ నర్సు వుండేది. ఆమె జేబులో చిన్న పుస్తకం. అందులో తెలుగు, బెంగాలీ, హిందీ మాటలు మలయాళ లిపిలో రాసుకుంది: నొప్పి, నీళ్లు, దగ్గు, లే, కూర్చో, భయం వద్దు. నాకు వచ్చి "దగ్గు, దగ్గు!" అనేది. "దగ్గండి అనాలమ్మా, పెద్దవాళ్లని" అన్నాను, లెక్కల మాస్టరు తెలుగు మాస్టరయి. ఆమె శ్రద్ధగా రాసుకుంది. "లేవండి, కూర్చోండి, నొప్పిగా వుందా అండీ" అన్నీ రాయించుకుంది. మర్నాడు పక్క మంచంమీది ఎనిమిదేళ్ల కుర్రాడితో కూడా "కూర్చోండి, దగ్గండి" అంటే వార్డంతా నవ్వింది. నవ్వడానికి అందరికీ దిండ్లు కావలసి వచ్చాయి.

వార్డు తుడిచే ఆవిడది గుడియాత్తం దగ్గర పల్లె. నా ఈడుది. తెలుగు ఇల్లు, అరవ బడి. తెల్లారి అయిదింటికి వచ్చేది. మొదటిరోజు ఆవిడ నాకు బెడ్‌పాను అందిస్తే నేను మొహం తిప్పుకుని, మా అల్లుణ్ని పిలవమన్నాను. "అల్లుడికి నిద్ర, సామీ. నాకు జీతం. దేనికి సిగ్గు?" అంది. "మా అమ్మకి చేసినా, మా మొగుడికి చేసినా. ఈడ ఎంతమందికి చేసినానో. లేచి నడిచిపోయినోళ్లే అందరూ." ఆ మాట ఏ డాక్టరు మాటకీ తీసిపోలేదు. జీవితమంతా నా మాటకి ఎదురు చెప్పేవాళ్లు లేరని విర్రవీగినవాణ్ని. ఆవిడ చెప్పినట్టల్లా విన్నాను.

సర్జనుగారు రోజూ వచ్చేవారు, అయిదు నిమిషాలు. చెయ్యవలసిన పని ఆయన చేతులు ముందే చేసేశాయి. ఆయన లేకపోతే నేను లేను; అందులో సందేహం లేదు. కాని మిగతా ఇరవై మూడు గంటల యాభై అయిదు నిమిషాలు నన్ను బతికించినవాళ్లు వేరే. అయిడా స్కడర్ మొదట నర్సుల బడి ఎందుకు పెట్టిందో అప్పుడు అర్థమయింది. కుట్టినవాళ్లు ఒకళ్లే, కుట్టు అతికేదాకా కాపలా కాసేవాళ్లు పదిమంది కావాలి.

పద్ధెనిమిదో రోజున ఇంటికి పొమ్మన్నారు, అంటే లాడ్జికి. మా ఆవిడ ఉప్పు లేని చారు పెట్టింది. బెంగాలీ ఆవిడ వచ్చి నన్ను చూసి చేతులెత్తి ఏదో అంది. మా ఆవిడ అనువాదం చేసింది: "మీ మొహంలో రంగు వచ్చిందట." నాలుగు రోజుల తరవాత వాళ్లాయన ఆపరేషను. ఆ రోజు మా ఆవిడ వాళ్ల గదిలోనే వుండిపోయింది. అది కూడా బాగా జరిగింది.

ఊరు వదిలేముందు కోట చూడాలనిపించింది. ఆటోలో వెళ్లి, మెల్లిగా నడిచాను. చుట్టూ కందకం, లోపల నల్లరాతి గోడలు. టిప్పు సుల్తాను 1799లో పడిపోయాక అతని కుటుంబాన్ని ఇక్కడే వుంచారు. 1806 జూలై 10న సిపాయిలు ఇంగ్లీషువాళ్లమీద తిరగబడింది ఇక్కడే, 1857కి యాభై ఏళ్లు ముందు. కోటలో గుడీ, మసీదూ, చర్చీ మూడూ వున్నాయి. జలకంఠేశ్వరుడి గుడి వందల ఏళ్లు దేవుడు లేకుండా వుంటే, 1981లో మళ్లీ లింగాన్ని ప్రతిష్ఠించారు. అంచేత ఆ పాత సామెతలో ఒక ముక్క ఎప్పుడో చెల్లిపోయింది. కల్యాణమండపంలో స్తంభాల మీది గుర్రాలూ, యాళులూ చూస్తూ అరగంట కూర్చున్నాను. వీటిని చెక్కినవాడి పేరు ఎక్కడా లేదు. కట్టించిన రాజుల పేర్లు మాత్రం పుస్తకాల్లో వున్నాయి.

ఇరవై ఆరో రోజు సాయంత్రం కాట్పాడిలో రైలెక్కాం. పుస్తకం తీసి గీతలు కూడాను. అరవై మూడు. అంతలో గుర్తొచ్చింది, ఆపరేషనుకి నాకు ఎక్కించిన రక్తంలో ఒకటి మా అల్లుడి బదులు ఎవరిదో. వాళ్లకి గీత లేదు. ఆ దుప్పట్లు ఉతికినవాళ్లు, ఉప్పు లేని కూర వండినవాళ్లు, రాత్రంతా ఆ మిషన్లకి కరెంటు ఆగకుండా చూసినవాళ్లు ఎవరో నేను చూడనే లేదు. జీవితంలో మొదటిసారి కూడిక తప్పింది. దిద్దుకోడానికి వీల్లేని తప్పు.

ఏడాది తరవాత పరీక్షకి మళ్లీ వెళ్లాను. డాక్టరుగారు చూసి, బాగుందన్నారు. నా సంచీలో ఒక అట్టముక్క వుంది. దానిమీద పదమూడో ఎక్కం, నల్ల సిరాతో, పూర్వం తరగతి గోడకి తగిలించడానికి రాసేవాణ్నే, అలా గుండ్రంగా రాసుకొచ్చాను. ఆ రాత్రి నర్సుకి ఇవ్వాలని. తీరా ఆ తలుపు దగ్గరికి వెళ్లి అడిగితే, బయటికి వచ్చిన అమ్మాయి వేరే. ఆనవాళ్లు చెప్పాను. "ఆ సిస్టరు ఉద్యోగం మారి వెళ్లిపోయారు సార్. ఏమైనా చెప్పాలా?" అంది. చెప్పవలసింది చాలా వుంది; ఎక్కడ మొదలెట్టాలో తోచలేదు. వార్డులో తుడిచే ఆవిడ కనిపించింది. చేతులు జోడించాను. నా మొహంలోకి చూసి "ఎవరు సామీ?" అంది. "నడిచిపోయినోళ్లలో ఒకణ్ని" అన్నాను. నవ్వి, బకెట్టు ఎత్తుకుని తన పనిమీద వెళ్లింది.

ఆ తలుపు దగ్గర అట్టముక్క పట్టుకుని నిలబడి వుండగా, లోపలినుంచి ఒక మగగొంతు, బెంగాలీలో కాబోలు, గట్టిగా అరిచింది. నాతో మాట్లాడుతున్న అమ్మాయి "మన్నించండి సార్" అని గిరుక్కున తిరిగింది. నేను ఆ అట్టముక్కని ఆమె చేతిలో పెట్టాను. ఏమిటని అడగడానికి కూడా ఆమెకి వ్యవధి లేదు. జేబులో దోపుకుని పరుగెత్తింది. తలుపు మూసుకుంది.

లోపల ఎవరో ఎవర్నో ఏదో అప్పజెప్పమంటున్నారు. ఆమె కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని వుంటుంది.